చూసినట్టే గీశాను

తాటాకు పుస్తకాలకు నకళ్లు రాసే లేఖకులకు పూర్వం ఒక అలవాటు వుండేది. గ్రంథం పూర్తయ్యాక చివరి ఆకు మీద సంవత్సరం, మాసం, తిథి వేసి, తన పేరు చెప్పుకొని, కింద చిన్న విన్నపం ఒకటి చేర్చేవారు. మూలంలో ఎట్లా చూశానో అట్లాగే రాశాను, తప్పొప్పుల పూచీ నాది కాదు, పెద్దలు మన్నించాలి అని దాని సారాంశం. పండితులు చాలామంది దాన్ని చూసి నవ్వుకున్నారు. అర్థం తెలియకుండా గంటం ఆడించిన బద్ధకస్తుడు ముందుగానే తప్పించుకుంటున్నాడని వాళ్ల ఎత్తిపొడుపు. నాకు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ ఆ లేఖకుడి మీద గౌరవం పెరుగుతోంది. అర్థమైన మనిషి నకలు రాస్తే ఏం చేస్తాడో తెలుసునా? తనకు అర్థమైన మేరకు దిద్దేస్తాడు. పాత మాట కనబడితే కొత్త మాట పెడతాడు. గుర్తు వింతగా వుంటే అది పొరపాటని తీర్మానించి మామూలు గుర్తు వేస్తాడు. అర్థం కానివాడు పాపం ఏం దిద్దగలడు? కళ్లకు కనబడినదాన్ని చేత్తో దించుకోవడమే అతనికి తెలిసిన విద్య. రాయడమని పేరే గాని, నిజానికి అతను చేసేది బొమ్మ గీయడం.

అక్షరాన్ని బొమ్మలాగా గీయడంలో ఎంత విషయం వుందో చూడాలంటే త్రిపురాంతకం వెళ్లాలి. మార్కాపురం నుంచి వినుకొండ పోయే దారిలో, నల్లమల అంచున వుంది ఆ ఊరు. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కొండ కింద చెరువులో బాలా త్రిపురసుందరి. శ్రీశైలానికి ఇది తూర్పు ద్వారం. దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఇప్పుడు బస్సెక్కి దోర్నాల మీదుగా తిన్నగా మల్లన్న దగ్గర దిగుతున్నాం గాని, కాలినడకన పోయే రోజుల్లో తూర్పు నుంచి వచ్చిన యాత్రికుడు ముందు ఇక్కడ తలవంచి, ఆ తరవాతే అడవిలో అడుగు పెట్టేవాడు. అందుకే కాకతీయుల కాలంలో ఈ గుడికి అన్ని దానాలు, అన్ని శాసనాలు. 1905లో మద్రాసు శాసన శాఖవారు ఇక్కడి శాసనాలకు నకళ్లు తీశారు. జయంతి రామయ్య పంతులుగారు పరిష్కరించిన తెలుగు శాసనాల సంపుటం 1948లో అచ్చయినప్పుడు వాటిలో చాలా అందులోకి ఎక్కాయి. అప్పటికి ఈ ఊరు కర్నూలు జిల్లాలో వుండేది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో గదా.

మా మేనకోడలిని వెంటబెట్టుకొని వెళ్లాను ఒకసారి. బొమ్మలు గీసే పిల్ల. చదువులో మొదటి వరుస కాకపోయినా తెలుగు బాగా చదువుతుంది. శాసనపు రాయి ముందు నిలబడి, “ఇది తెలుగేనా మామయ్యా?” అంది. తెలుగేనన్నాను. “మరి రావట్లేదేంది?” అంది. రాదు. కాకతీయుల నాటి లిపిలో ఎకారానికీ ఏకారానికీ, ఒకారానికీ ఓకారానికీ తేడా చూపించరు. వొత్తక్షరాలకు ఇవ్వాళ మనం అడుగున పెట్టే గీత చాలాచోట్ల కనిపించదు. ‘ర్మ’లో రకారం మకారానికి ముందు కాక వెనక వలపలగిలకై వేలాడుతుంది. ఇవన్నీ నేను ఉపన్యాసం చెప్పబోతే పిల్ల వినలేదు. నేల మీద కూర్చుని, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకొని, ఒక్కొక్క గుర్తునే గీయడం మొదలుపెట్టింది. చదివే ఆశ వదిలేసింది. అరగంటకు రెండు పంక్తులు దిగాయి. మూడో పంక్తిలో ఆగి, “ఇది పైన కూడా గీశాను గదా” అంది. నాలుగో పంక్తిలో మళ్లీ అదే. పైన ‘శ్రీ’ అని నేను చూపించినది ఒకటుంది. అక్కణ్ణుంచి పక్క గుర్తు, దాని పక్క గుర్తు. గంట గడిచేసరికి పంక్తిలో సగం మాటలు తనంతట తానే కూడబలుక్కుంది. కన్ను ముందు పరుగెత్తితే అక్షరం తప్పించుకుపోతుంది. చెయ్యి నిదానం కాబట్టి దానికి దొరికింది.

అదే ఊళ్లో ఈ సంగతికి ఇంకొక సాక్ష్యం వుంది. త్రిపురాంతకేశ్వరుడి ఆలయం శ్రీచక్రాకారంలో కట్టారని అక్కడివారు చెబుతారు. ఆ శ్రీచక్రం పటం కట్టించుకొని పూజలో పెట్టుకున్నవాళ్లు మనలో ఎంతమంది లేరు? కాగితం తీసుకొని గీసి చూడమనండి. పైకి చూసే త్రికోణాలు నాలుగు, కిందికి చూసేవి ఐదు. ఈ తొమ్మిదీ ఒకదాన్నొకటి కోసుకుంటే నలభైమూడు చిన్న త్రికోణాలు ఏర్పడాలి. మూడేసి గీతలు ఒకే బిందువులో కలవవలసిన చోట్లు కొన్ని వుంటాయి, వాటికి మర్మాలని పేరు. ఒక గీత వెంట్రుకవాసి జరిగితే చాలు, మర్మం విడిపోయి అక్కడ అక్కరలేని బుల్లి త్రికోణం పుట్టుకొస్తుంది. ఒకటి సర్దితే ఇంకొకటి చెడుతుంది. పటం ముందు ఇరవై ఏళ్లు దీపం పెట్టినా తెలియని ఈ ఇరకాటం, స్కేలు పెన్సిలు పట్టిన పావుగంటలో తెలుస్తుంది. ముగ్గులు వేసే ఆడవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. మా అమ్మ అనేది: “ముగ్గు చూస్తే రాదే, వేస్తే వస్తుంది.” పదిహేను చుక్కల మెలికల ముగ్గు పత్రికలో చూసినప్పుడు అంతా ఒకటే గజిబిజి. పిండి జారవిడుస్తూ పోతే గీత ఎక్కడ బయల్దేరి ఎక్కడ ఇంటికి చేరుకుందో వేళ్లకు తెలుస్తుంది.

సరే, త్రిపురాంతకం రాయి ముందు నిలబడితే మనకు ఎదురుతిరిగేది ఏడెనిమిది అక్షరాలే. భాష మనదే. మొదటి గుర్తు నుంచి ఆఖరి గుర్తు దాకా ఎదురుతిరిగే పుస్తకం ఒకటి ప్రపంచంలో వుంది. అది ఏ భాషో తెలియదు. అది అసలు భాషేనా అన్నదీ తేలలేదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంవారి బైనెకీ లైబ్రరీలో 408వ నంబరు వ్రాతప్రతి. లోకం దాన్ని వోయినిచ్ పుస్తకం అంటుంది. జానెడు ఎత్తు, దూడ చర్మపు ఆకులు, సుమారు 240 పుటలు. 2009లో అరిజోనా విశ్వవిద్యాలయంవారు ఆ చర్మం ముక్కలు పరీక్షించి, అది 1404కూ 1438కీ మధ్యదని తేల్చారు. అంటే కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి ఏలుబడి, శ్రీనాథుడి విద్యాధికారం సాగుతున్న రోజులకు కాస్త అటూ ఇటూ అన్నమాట. ఆ కాలంలోనే యూరపులో ఎవరో కూర్చుని, ఇరవై పాతిక గుర్తులున్న ఒక లిపిలో ముప్ఫై అయిదు వేల పైచిలుకు మాటలు రాశారు. మాటలతో పాటు పుట పుటకూ బొమ్మలు. ఏ అడవిలోనూ మొలవని మొక్కలు, నక్షత్రాల చక్రాలు, మీనం వృషభం లాంటి రాశులు, ఆకుపచ్చ నీళ్ల తొట్లలో స్నానాలాడే స్త్రీలు, ఆ తొట్లను కలిపే వింత గొట్టాలు.

ఈ పుస్తకం ఒకప్పుడు రుడాల్ఫ్ చక్రవర్తి 600 బంగారు నాణేలకు కొన్నాడని 1665 ప్రాంతంలో రాసిన ఒక ఉత్తరంలో వుంది. తరవాత ప్రాగ్ నగరంలో బారెష్ అనే రసవాది చేతికి వచ్చింది. నా లైబ్రరీలో ఈ చిక్కుముడి ఊరికే చోటు ఆక్రమించుకొని కూర్చుందని ఆయన విసుక్కున్నాడు. ఆ రోజుల్లో తెలియని లిపి దొరికితే రోము నగరంలోని కిర్షర్ అనే జెసూట్ పండితుడికి చూపించడం రివాజు. ఈజిప్టు బొమ్మలిపి నేను చదివేశానని చాటుకున్న మహానుభావుడాయన. ఆ చదువంతా వట్టి ఊహేనని 1822లో షాంపోలియన్ అసలు లిపి విప్పాక రుజువైందనుకోండి. బారెష్ పుస్తకం పంపలేదు. 1637లో అందులోంచి కొంత చేత్తో దించి, ఆ నకలు పంపాడు. జవాబు రాకపోతే 1639లో మళ్లీ ఉత్తరం రాశాడు. ఆ నకలు కాగితం సంగతి తరవాత చెబుతాను.

1912లో లండన్ పాత పుస్తకాల వర్తకుడు విల్ఫ్రిడ్ వోయినిచ్ రోము దగ్గరి ఒక జెసూట్ భవనంలో దీన్ని కొన్నాడు. ఆయన భార్య ఎథెల్ వోయినిచ్ పేరుమోసిన నవలా రచయిత్రి. ఆమె తల్లి మేరీ ఎవరెస్టు. మన హిమాలయ శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జి ఎవరెస్టుకు ఈ మేరీ తమ్ముడి కూతురు. మన దేశానికి సర్వేయర్ జనరల్‌గా చేసినాయన మనుమరాలి వరసయ్యే ఆవిడ దగ్గర ఈ పుస్తకం ఏళ్ల తరబడి వుంది. ఆవిడ 1960లో పోయాక చేతులు మారి, 1969లో యేల్ చేరింది. సర్వేయర్ జనరల్ మాట ఊరికే ఎత్తలేదు. ఆ ఉద్యోగం చేసిన ఇంకొకాయనతో మనకు ముందుముందు పనుంది.

దీన్ని చదివేశానన్నవాళ్లకు కొదవ లేదు. ఏటా ఒకరిద్దరు బయల్దేరుతారు. ఇప్పుడు కంప్యూటర్లు కూడా తోడయ్యాయి. అందరిలోకీ నా మనసుకు కష్టం కలిగించినవాడు న్యూబోల్డ్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర ప్రొఫెసరు, నిజాయితీపరుడు. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కొక్క అక్షరంలోనూ కంటికానని చిన్న చిన్న గీతలు కనిపించాయాయనకు. అవి ప్రాచీన గ్రీకు సంక్షేపలిపి అన్నాడు. ఆ లెక్కన చదివి, పుస్తకం పదమూడో శతాబ్దపు రోజర్ బేకన్‌దేననీ, బేకన్ దుర్భిణీతో నక్షత్రమండలాలు చూశాడనీ 1921లో ప్రకటించాడు. పత్రికలు మారుమోగాయి. 1926లో ఆయన కాలధర్మం చెందాడు. 1931లో ఆయన మిత్రుడే, మాన్లీ అనే ప్రొఫెసరు, అసలు సంగతి బయటపెట్టాడు. ఆ చిన్న గీతలు ఎవరూ గీసినవి కావు. గరుకు చర్మం మీద సిరా ఎండి బీటలు వారినప్పుడు పడ్డ పగుళ్లు! ఒక మనిషి జీవితంలో చివరి ఏళ్లన్నీ పగుళ్లను చదవడంలో పోయాయి.

తరవాత 1944లో ఓనీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒక పుటలోని పువ్వును చూసి, ఇది పొద్దుతిరుగుడు, సందేహం లేదు అన్నాడు. పొద్దుతిరుగుడు అమెరికా మొక్క. కొలంబస్ తిరిగొచ్చాకే యూరపువాళ్లకు తెలిసేది. కాబట్టి పుస్తకం 1493 తరవాతిదేనని తీర్పు. ఆయన చూసినవి నలుపు తెలుపు ఫోటో నకళ్లు. అరవై అయిదేళ్ల తరవాత చర్మపు పరీక్ష వేరే తీర్పు చెప్పింది. పేరు ముందు పెట్టుకొని చూస్తే పువ్వు ఆ పేరులోకి ఒదిగిపోతుంది. మినపకాయను చూసి పెసరకాయ అనుకొన్నవాడికి పైనున్న నూగు కనపడనే కనపడదు.

చదివానన్నవాళ్ల పక్కనే చప్పుడు చెయ్యకుండా గీస్తూ కూర్చున్నవాళ్లూ వున్నారు. వాషింగ్టన్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో పీటర్సన్ అనే ఫాదరీ పుస్తకం మొత్తం ఫోటో నకళ్లు చూసి చేత్తో దించుకున్నాడు, మొదటి ఆకు నుంచి ఆఖరి ఆకు దాకా. ఏ మాట ఏయే పుటల్లో వచ్చిందో పట్టిక కూడా వేసుకున్నాడు. అర్థం చెప్పానని ఆయన గొప్పకు పోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపానువారి రహస్య లిపిని ఛేదించిన జట్టుకు నాయకుడు ఫ్రీడ్‌మన్ కూడా ఈ పుస్తకంతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టి ఓడిపోయినవాడే. పీటర్సన్ ప్రతి చివరికి ఆయన కాగితాలతో కలిసి భద్రంగా మిగిలింది. 1970లలో క్యూరియర్ అనే మరో రహస్యలిపి నిపుణుడు, రాతలోని ఒరవడి చూసి, ఇది ఒక్క చేతి రాత కాదు, కనీసం ఇద్దరిది అన్నాడు. 2020లో లీసా ఫేగిన్ డేవిస్ అనే లిపిశాస్త్రజ్ఞురాలు కొన్ని గుర్తుల వంపుల్ని పోల్చి, అయిదుగురు లేఖకులు అని తేల్చింది. ఎవరో పిచ్చివాడు ఒంటరిగా కూర్చుని గిలికిన గిలుకుడు అనే వాదానికి ఇది గట్టి దెబ్బ. అయిదుగురు మనుషులు ఒకే లిపి నేర్చుకొని రాశారంటే, వాళ్ల మధ్య పాఠమో, బడో, ఒప్పందమో ఏదో ఒకటి వుండి వుండాలి గదా. మాట ఒక్కటి తెలియకుండానే ఇంత తెలిసింది చూశారా!

యేల్‌వారు ప్రతి పుటకూ రంగు ఫోటో తీసి ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టారు. త్రిపురాంతకం నుంచి వచ్చాక మా మేనకోడలికి ఆ మొక్కల పుట ఒకటి చూపించాను. ఏమిటీ, ఎవరిదీ అని చెప్పలేదు. ట్రేసింగ్ కాగితం వద్దంది. కళ్లతో చూసి గీస్తానంది. ముందు పై వరుస అక్షరాల నుంచి మొదలుపెట్టబోయి ఆగిపోయింది. “మొక్క ముందు గీసి, తరవాత రాశారు మామయ్యా” అంది. ఎట్లా తెలిసిందంటే, వరుస సాగుతూ సాగుతూ ఆకు అడ్డొచ్చిన చోట మాట ఆగి, ఆకు అవతల మళ్లీ మొదలవుతోంది. ఆకు మాత్రం ఎక్కడా మాటకు దారి ఇవ్వలేదు. పండితులూ ఈ మాటే అన్నారు. వాళ్లు రాసినదేదీ ఈ పిల్ల చదవలేదు. పెన్సిలు ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కునే పిల్లకు అది అవసరం కొద్దీ తెలిసింది.

వేరు దగ్గరికి వచ్చేసరికి ఇంకొక మాట అంది. కాండం వేరులోంచి పెరిగినట్టు లేదు, నరికిన మొద్దు మీద అంటు కట్టినట్టుంది అని. నిజమే, ఆ పుస్తకంలో కొన్ని మొక్కలు అట్లాగే వుంటాయి. పువ్వు ఒక జాతిది, ఆకు ఒక జాతిది, వేరు మరొకటిది. అదెందుకో చెప్పను. ఎందుకో చెప్పబోతే నేనూ న్యూబోల్డ్ బండి ఎక్కినట్టే. ఇక అక్షరాల మాట. నాలుగు వరుసలు గీసేసరికి చేతికి ఊపు వచ్చేసింది. “రాసినవాళ్లు ఆలోచించుకుంటూ రాయలేదు. అలవాటైన చెయ్యి” అంది. దిద్దుళ్లు, కొట్టివేతలు ఆ పుస్తకంలో బహు తక్కువ. మనం ఉత్తరం రాస్తే మూడు చోట్ల కొట్టేస్తాం. అది నకలు రాసేవాళ్ల చెయ్యేమో అనిపించింది నాకు. ముందు ఎక్కడో చిత్తుప్రతి వుంది, దాన్ని చూసినట్టే రాశారు. ఇది నా ఊహ. దానికి మీరు విలువ కట్టనక్కరలేదు.

గీయడం వల్ల అర్థం తెలుస్తుందని మాత్రం అనకండి. తెలియదు. గీసిన చేతికి తెలిసేది రాసిన చెయ్యి. అంతవరకే దాని హద్దు. అయితే అర్థం రావడానికి దారి ఆ హద్దు మీదుగానే పోతుందని చెప్పడానికి మన దగ్గరే పెద్ద కథ వుంది. ఇందాక అన్న రెండో సర్వేయర్ జనరల్ కథ.

కాలిన్ మెకంజీ స్కాట్లండు పక్కనున్న లూయిస్ దీవిలో పుట్టి, 1783లో మద్రాసు వచ్చి, తొలి భారత సర్వేయర్ జనరలై, 1821లో కన్నుమూశాడు. 1794లో శ్రీశైలం ఎక్కి ఆ యాత్ర వివరం రాశాడు. ఆయనకు తెలుగూ రాదు, సంస్కృతమూ రాదు. ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులే ఆయనకు కళ్లూ చెవులూ. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. పెద్దవాడైన బొర్రయ్య ఊరూరా తిరిగి శాసనాలు ఎత్తి రాయించాడు. పాత కన్నడ లిపి శాసనాలు ఎవరికీ అందకుండా వుంటే వాటిని కూడబలుక్కొని చదివిన ఘనత ఆయనదని మెకంజీయే చెప్పుకొన్నాడు. ముప్ఫై ఏళ్లైనా నిండకుండా 1803లో బొర్రయ్య పోయాడు.

1798లో మెకంజీ అమరావతి చూశాడు. దీపాలదిన్నె అని ఊరివాళ్లు పిలిచే దిబ్బలోంచి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి కొత్త పట్నం కోసం ఇటుకలూ రాళ్లూ తవ్వుతున్న రోజులవి. 1816లో మెకంజీ మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు. ఎన్నో పలకలు గోడల్లోకీ మెట్లలోకీ పోయాయి. పాలరాయిలా మెరిసే ఆ సున్నపురాయి కొంత సున్నపు బట్టీల్లోకి పోయింది. మెకంజీ చిత్రకారుల్ని కూర్చోబెట్టి, మిగిలిన పలకల్ని రెండేళ్ల పాటు ఒక్కొక్కటే గీయించాడు. పద్మాలు, స్తూపాలు, ఏనుగులు, దండలు మోసే మరుగుజ్జులు. వాటితో పాటు అంచుల మీద కొక్కేల్లాంటి, శిలువల్లాంటి చిన్న చిన్న గుర్తుల వరుసలు. అవి అక్షరాలని తెలుసు. ఏ అక్షరాలో గీసినవాళ్లకు తెలియదు, గీయించినవాడికీ తెలియదు, దేశంలో మరెవరికీ తెలియదు. అయినా గీశారు.

పదహారేళ్లకు పైగా ఆ బొమ్మలు పడివున్నాయి. 1837లో కలకత్తా టంకసాల అధికారి జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని విప్పాడు. ఎట్లా విప్పాడు? సాంచీ స్తూపం కంచె రాళ్ల మీది చిన్న చిన్న శాసనాల నకళ్లు పక్కపక్కన పెట్టుకొని చూస్తే, అన్నీ ఒకే రెండు గుర్తులతో, చివర ఒక చుక్కతో ముగుస్తున్నాయి. గుడి రాళ్ల మీద ప్రతివాడూ చివర ఏం రాయిస్తాడు? ఫలానావాడి దానం అని. మన ఊరి గుడిలో ఫ్యాను రెక్కల మీద చూడటం లేదూ! ఆ రెండు గుర్తులూ ‘దా’, ‘న’. ఆ చుక్క సున్న. నకలు తీసేవాళ్లు ఎవరైనా ఆ చుక్కను రాతి గుంట అనుకొని వదిలేసి వుంటే? రాతి గుంటలన్నిటినీ చుక్కలనుకొని నింపేసి వుంటే? న్యూబోల్డు పగుళ్ల కథే మళ్లీ. వాళ్లు చూసినట్టే దించారు కాబట్టి సున్న సున్నగానే ప్రిన్సెప్ బల్ల మీదికి చేరింది. మెకంజీ గీయించిన అమరావతి గుర్తులూ ఆయన కళ్లబడ్డాయి. వాటికీ నోరు వచ్చింది.

అప్పటికి మెకంజీ పోయి పదహారేళ్లు, బొర్రయ్య పోయి ముప్ఫై నాలుగేళ్లు. ఆ చిత్రకారులు గీసిన పలకల్లో కొన్ని మద్రాసు మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో వున్నాయి. చాలా పలకలు ఎక్కడా లేవు. గోడలో సున్నమై వుంటాయి. బొమ్మ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు అవి చదవాలన్నా, చూడాలన్నా, అర్థం తెలియనివాడి పెన్సిలే మనకు గతి.

భట్టిప్రోలు సంగతి ఇంకా సున్నితం. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలోంచి తీసిన రాతి భరిణెల మీద బ్రాహ్మి వుంది గాని, అందులో మకారం తలకిందులుగా వుంది. ఇంకా కొన్ని అక్షరాలు వేరే తీరుగా వున్నాయి. అప్పటికి బ్రాహ్మి అందరికీ వచ్చేసింది. తెలిసినవాడు ఎవరైనా నకలు రాస్తూ, అరెరె, చెక్కినవాడు తిరగేసి చెక్కాడే అని జాలిపడి సరిచేసి వుంటే, మన గడ్డ మీది అతి పాత రాతల్లో ఒకదాని ప్రత్యేకత అక్కడే సమాధి అయ్యేది. అచ్చు తీసింది తీసినట్టే వెళ్లింది కాబట్టి బూలర్ పండితుడు ఆ తేడాను పట్టి లోకానికి చెప్పాడు.

ఫోన్‌తో టక్కున ఫోటో తీసుకోగలిగిన కాలంలో ఈ గీతల గోల దేనికని మీకు అనిపించవచ్చు. ఫోటో మంచిదే, తీయండి. శాసన శాఖవారు తడి కాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది తీసే అచ్చు ఇంకా మంచిది. కాని త్రిపురాంతకంలో నేను మధ్యాహ్నం తీసిన ఫోటోలో నిట్టనిలువు ఎండకు అక్షరాలు పలచబడి, సాయంత్రం తీసిన ఫోటోలో అదే పంక్తిలో కొత్త గుర్తులు తేలాయి. ఫోటోకు పగులూ ఒకటే, గీతా ఒకటే, కాకి రెట్టా ఒకటే. గీసేవాడు ప్రతి చోటా ఆగి, ఇది ఉలి దెబ్బా, రాతి పగులా అని తనను తాను అడుగుకోక తప్పదు. వేలు పెట్టి తడిమి చూస్తాడు. సందేహం వుంటే చుక్కల గీత పెడతాడు. మా పిల్ల నోటుబుక్కులో అట్లాంటి చుక్కల గీతలు పదకొండున్నాయి. నాకు ఆ పదకొండే మిగిలిన బొమ్మ కన్న ఎక్కువ ముచ్చటగా వున్నాయి.

శాసనాలకైతే శాఖలున్నాయి, సంపుటాలున్నాయి. ఇళ్లలోని తాటాకులకు ఎవరున్నారు? అటక మీది కట్టను దించి, ఎవరికీ చదవడం రాక, ఇంట్లో వుంచితే ఏం దోషమోనని పుష్కరాల్లో కృష్ణలో కలిపినవాళ్లను నేనెరుగుదును. పేర్లెందుకు లెండి. అది వైద్యమో, జాతకాలో, ఊరి కరణం లెక్కలో ఇక తెలిసే దారి లేదు. కలపక ముందు ఒక్క ఆకునైనా, ఎనిమిదో తరగతి పిల్ల చేత, చూసినట్టే గీయించి వుంటే, ఆ గీసిన కాగితం చూసి లిపి తెలిసినవాడు ఎవరైనా, అయ్యో ఆగండి అని వుండేవాడేమో. తాటాకు మీద గంటంతో గీరిన అక్షరం మసి రాయకపోతే కనబడదు. ఖాళీ ఆకులనుకొని పారేసినవాళ్లూ వున్నారు.

వోయినిచ్ పుస్తకంలోనూ ఆకులు పోయాయి. ఎవరో పాత యజమాని ఆకులకు 116 దాకా అంకెలు వేశాడు. ఇప్పుడు వున్నవి 102. అంకెలు వేశాక ఎప్పుడో, ఎక్కడో పద్నాలుగు పోయాయి. వున్న ఆకులు కూడా మొదటి వరుసలో లేవు. మధ్యలో ఎవరో విప్పి, తారుమారుగా కుట్టారు. స్నానాల తొట్ల బొమ్మల్లో ఇప్పుడు ఎడంగా వున్న రెండు పుటల్ని పక్కపక్కన పెడితే నీళ్లు ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి కలిసిపోతాయని పరిశీలకులు చూపించారు.

ఇక బారెష్ కాగితం. 1637లో ప్రాగ్ నుంచి రోముకు బయల్దేరిన ఆ నకలు కిర్షర్ చేతికి అందింది. నాకు అంతుపట్టలేదని ఆయన 1639లో ఒక మిత్రుడికి రాసిన జాబు వుంది. కిర్షర్ తనకు వచ్చిన ఉత్తరాలు జాగ్రత్త పెట్టిన మనిషి, వందల కొద్దీ ఇప్పటికీ రోములో వున్నాయి. బారెష్ రెండో ఉత్తరం వాటిలోనే బయటపడింది. మొదటి ఉత్తరమూ, దానితో పంపిన గీతల కాగితమూ దొరకలేదు. బారెష్ ఏ ఆకుల్లోంచి దించాడో ఎవరికి తెలుసు? అందులో ఒక్క వరుస ఆ పోయిన పద్నాలుగు ఆకుల్లోదైనా కావచ్చు.